పురుగుల కడుపులో బ్యాక్టీరియా ఏం చేస్తాయి? మా జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి పిల్లలు అడుగుతారు, ఊళ్ళోనే ఉంటాను కాబట్టి వాళ్ళ ఇళ్ళవాళ్ళూ అడుగుతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల వాళ్ళు, రాజాం వైపు మొక్కజొన్న వేసేవాళ్ళు, విజయనగరంలో డాబా మీద చిక్కుడు పాదు పెంచుకునే అక్కలు, అందరి సందేహాలూ తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి: ఈ పురుగు ఇంత పనికిమాలిన తిండి తిని ఇంతలా ఎలా పెరిగిపోతోంది అని. అందుకే అన్నీ ఒక దగ్గర రాసి పెట్టాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను, వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసింది చూసుకోండి.

## ముందుగా అడిగేవి

కడుపులో బ్యాక్టీరియా ఉంటే పురుగుకి జబ్బు చెయ్యాలి కదా మాస్టారూ, మేలు ఎలా చేస్తాయి?

జబ్బు చేసే బ్యాక్టీరియా వేరే ఉన్నాయి. మందుల షాపులో బీటీ పేరుతో అమ్మేది అలాంటిదే, గొంగళి పురుగు దాన్ని తిందంటే పేగు గోడ దెబ్బతిని చచ్చిపోతుంది. మనం ఇక్కడ మాట్లాడుకునేవి పురుగుతో తరతరాలుగా కాపురం ఉంటున్న రకాలు. పురుగు వాటికి చోటు, తిండి ఇస్తుంది. అవి పురుగు సొంతంగా తయారు చేసుకోలేని పోషకాల్ని చేసి పెడతాయి, లేదంటే పురుగు అరిగించుకోలేని దాన్ని అరిగించి పెడతాయి. మనకి ఇదేం కొత్త విషయం కాదు, ఆవు ఎండుగడ్డి తిని పాలిస్తోందంటే దాని పెద్దపొట్టలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఆ గడ్డిని పులియబెడుతున్నాయి కాబట్టే. కొన్ని పురుగుల్లో ఈ పొత్తు ఇంకా గట్టిది. పేనుబంకకీ దాని ఒంట్లో ఉండే బుక్నెరా అనే బ్యాక్టీరియాకీ సంబంధం కనీసం 15 కోట్ల ఏళ్ళ నాటిదని లెక్క కట్టారు. ఇప్పుడు బుక్నెరా బయట ఎక్కడా బతకలేదు, అది లేకపోతే పేనుబంక ఎదగదు, పిల్లల్ని కనలేదు.

రసం తాగేది తాగుతోంది, చెక్క తినేది తింటోంది, నెత్తురు పీల్చేది పీలుస్తోంది. కడుపు నిండాక ఇంకా సాయం ఎందుకు?

కడుపు నిండడం వేరు, ఒంటికి పట్టడం వేరు. మొక్క రసంలో చక్కెర బోలెడంత ఉంటుంది, ఒళ్ళు పెరగడానికి కావలసిన ప్రోటీన్‌ని కట్టే అమైనో ఆమ్లాలు మాత్రం చాలా తక్కువ, అందులోనూ తప్పనిసరిగా తిండి ద్వారానే రావలసినవి మరీ తక్కువ. అలాంటివి మనిషికి 9, పురుగులకి సుమారు 10 ఉన్నాయి, వీటిని ఒళ్ళు సొంతంగా తయారు చేసుకోలేదు. నెత్తురులో ప్రోటీన్‌కి కొదవ లేదు, బి విటమిన్లు చాలవు. చెక్కలో ఉన్నదంతా సెల్యులోజు, లిగ్నిన్, అవి అరగవు, పైగా అమైనో ఆమ్లాలకి కావలసిన నత్రజని దాదాపు లేనట్టే. బియ్యపు గింజలో పిండి తప్ప మిగతావన్నీ అంతంత మాత్రం. ఎవరు ఏ పురుగుని అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చినా నేను ముందు అడిగేది ఇది ఏం తింటోంది అనే. తిండిలో ఏది లోటో తెలిస్తే లోపలి బ్యాక్టీరియా ఏ పని చేస్తున్నాయో సగం తెలిసిపోయినట్టే. ఒక్క ఈ సంగతి పట్టుకుంటే మిగతాదంతా తేలిక.

అన్ని పురుగులకీ ఇలాంటి బ్యాక్టీరియా ఉంటాయా?

లేదు. ముఖ్యంగా ఆకులు తినే గొంగళి పురుగుల్లో సొంతంగా నిలకడగా ఉండే బ్యాక్టీరియా చాలా తక్కువ. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో 124 జాతుల గొంగళి పురుగుల్ని చూశారు, వాటి పేగుల్లో ఉన్న కొద్దిపాటి బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం తిన్న ఆకుతో పాటు లోపలికి వెళ్ళినవే అని తేలింది. ఒక జాతి పురుగులకి యాంటీబయాటిక్ పెట్టి వాటిని తీసేసినా పెరుగుదల తగ్గలేదు. 2018లో మన దేశంలోకి వచ్చి ఇక్కడి మొక్కజొన్న రైతుల్ని ఏడిపిస్తున్న కత్తెర పురుగు కూడా గొంగళి జాతిదే. ఆకులో అమైనో ఆమ్లాలు, విటమిన్లు రసంలో కంటే నయం, ఈ పురుగు రోజంతా నములుతూ బోలెడంత తింటుంది, పేగులో గట్టి క్షారం, చురుకైన ఎంజైములు ఉన్నాయి. దాని బతుకు అలా గడిచిపోతుంది. కాబట్టి ప్రతి పురుగు వెనకా ఒక బ్యాక్టీరియా ఉందని అనుకోకండి.

ఒకరు పేగులో అంటారు, ఒకరు కణాల లోపల అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, పురుగుని బట్టి. తేనెటీగ, చెదపురుగు, కొమ్ము పురుగు పిల్లల్లో బ్యాక్టీరియా పేగు గొట్టంలోనే ఉంటాయి. పేనుబంక, తెల్లదోమ లాంటివాటిలో అయితే పొట్టలో వాటికోసమే ప్రత్యేకమైన కణాలు ఉంటాయి, ఒక్కో కణం నిండా బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటాయి. గండు చీమలది మధ్యరకం: వాటి బ్లాక్‌మానియా అనే బ్యాక్టీరియా పేగు గోడలోని కణాల మధ్య ఇరుక్కున్న ప్రత్యేక కణాల్లో ఉంటాయి. పరీక్షలో ఎలా రాయాలని పిల్లలు అడుగుతారు: పేగులో ఉండేవి, కణాల్లో ఉండేవి అని విడగొట్టి ఒక్కోదానికి ఒక ఉదాహరణ రాస్తే చాలు.

## ఏ పురుగుకి ఏం అందుతుంది

మా చిక్కుడు చివుళ్ళకి నల్లగా పేనుబంక పట్టేసింది. వారంలో ఇంత ఎలా పెరిగింది?

ఒక చివురు తుంచి ఎండలో పట్టుకుని చూడండి. కాడ చుట్టూ తలలు కిందికి పెట్టి, సన్నని ముక్కుని కాడలోకి దింపి, వరసగా కూర్చుని ఉంటాయి. పెద్దదాని వెనక నుంచి చిన్న పిల్ల కాళ్ళు ఆడిస్తూ బయటికి రావడం కూడా కనబడుతుంది. మగదానితో పని లేకుండా, గుడ్డు పెట్టకుండా, నేరుగా పిల్లల్ని కంటాయి. పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే ఇంకో పిల్ల తయారవుతూ ఉంటుంది. ఇంత కాన్పులకి ప్రోటీన్ కావాలి, తాగేదేమో చక్కెర నీళ్ళు. ఆ లోటు తీర్చేది బుక్నెరా. రసంలో దొరికే మామూలు అమైనో ఆమ్లాల్ని తీసుకుని దొరకనివాటిని చేసి ఇస్తుంది. జర్మనీ జంతుశాస్త్రవేత్త పౌల్ బుక్నర్ జీవితమంతా ఇలాంటి కాపురాల్నే పరిశీలించాడు, ఆయన పేరే దీనికి పెట్టారు. దాని జన్యుపటాన్ని 2000లో చదివారు. సుమారు 6,40,000 అక్షరాలు మాత్రమే ఉంది, మన పేగుల్లో ఉండే ఇ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియాకి 46 లక్షలు ఉంటాయి. విడిగా బతకడానికి కావలసిన జన్యువులు చాలావరకు పోయాయి, అమైనో ఆమ్లాలు చేసే జన్యువులు మాత్రం నిలిచాయి.

కొబ్బరాకుల మీద నల్లటి మసి పడుతోంది. తెల్లదోమ కడుపులో బ్యాక్టీరియాకీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?

ఉంది. ఆకు అడుగున తెల్లటి మైనంతో చుట్లు చుట్లుగా గుడ్లు పెట్టే ఈ సర్పిలాకార తెల్లదోమని మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు గుర్తించారు, తర్వాత కోస్తా అంతా పాకింది. రసంలో పోషకాలు పలచగా ఉంటాయి కాబట్టి ఇది తెగ తాగుతుంది, మిగిలిపోయిన చక్కెర నీళ్ళని వెనక నుంచి వదిలేస్తుంది. ఆ జిగట కింది ఆకుల మీద పడుతుంది, దాని మీద నల్లటి బూజు పెరుగుతుంది. అంటే మసి వేరే తెగులు కాదు, తెల్లదోమ వదిలిన చక్కెర మీద పెరిగిన బూజు. రసంలో చాలని అమైనో ఆమ్లాల్ని దాని ఒంట్లో పోర్టియేరా అనే బ్యాక్టీరియా తయారు చేసి ఇస్తుంది. ఘాటు మందులు కొడితే ఎన్కార్సియా అనే చిన్న పరాన్న కందిరీగ చచ్చిపోతుంది, తెల్లదోమ పిల్లల్ని లోపలి నుంచి తినేది అదే. నీళ్ళని గట్టిగా ఆకు అడుగుకి కొట్టడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం, ఎన్కార్సియా ఉన్న ఆకుల్ని తెచ్చి తోటలో కట్టడం మంచి పద్ధతులు.

చెదలు చెక్కని ఎలా అరిగించుకుంటాయి?

చెదల్లో రెండు దారులు ఉన్నాయి. తలుపు చెక్కలో, పాత బీరువాలో మట్టి గూడు కట్టకుండా లోపలే కాపురం ఉండే పొడిచెక్క చెదల పేగు చివరి భాగం ఉబ్బెత్తుగా ఉంటుంది, అందులో తోకల్లాంటి కశాభాలతో ఈదే ఏకకణ జీవులు నిండి ఉంటాయి. చెక్క తునకల్ని అవి మింగి పులియబెడతాయి, వచ్చిన ఎసిటిక్ ఆమ్లాన్ని చెద తన ఒంటికి వాడుకుంటుంది. ఆ ఏకకణ జీవుల లోపలా పైనా మళ్ళీ బ్యాక్టీరియా ఉంటాయి. చెక్కలో నత్రజని లేదు కదా, గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చేది కూడా చెద పేగులోని బ్యాక్టీరియాలో కొన్ని రకాలే, 1973లో ఇది నిరూపించారు. అంతకు ముందు 1920ల్లో అమెరికాలో ఎల్. ఆర్. క్లీవ్‌లాండ్ ఒక ప్రయోగం చేశాడు: వేడిలో ఉంచి చెద పేగులోని ఏకకణ జీవుల్ని మాత్రం చంపేశాడు. చెదలు బతికే ఉన్నాయి, చెక్క తింటూనే ఉన్నాయి, కానీ ఒంటికి పట్టక కొన్ని వారాల్లోనే చచ్చిపోయాయి. ఆ జీవుల్ని మళ్ళీ ఎక్కించినవి బతికాయి. పిల్లలకి ఈ పాఠం చెప్పాలంటే నాకు ఇంతకంటే మంచి ప్రయోగం దొరకలేదు.

మరి పొలం గట్టు మీద పుట్టలు పెట్టే చెదలో? వానలకి ఆ పుట్టల మీద పుట్టగొడుగులు ఎందుకు లేస్తాయి?

అవి వ్యవసాయం చేస్తాయి. మన గట్ల మీద పుట్టలు పెట్టేవి ఎక్కువగా ఒడొంటోటెర్మిస్ జాతులు, వాటి పేగులో చెక్కని పులియబెట్టే ఆ కశాభ జీవులు ఉండవు. పుట్ట లోపల గదుల్లో గోధుమ రంగు, చిల్లులు చిల్లులుగా ఉండే ముద్దలు కనబడతాయి, పుట్ట తవ్వినవాళ్ళు చూసే ఉంటారు. పడుచు చెదలు ఆకూ అలమూ తిని, సగం అరిగించి, టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రం బీజాలతో కలిపి ఆ ముద్దగా విసర్జిస్తాయి. శిలీంధ్రం దాన్ని మెత్తబరుస్తుంది. ముదిరిన ముద్దని పెద్ద చెదలు తింటాయి, అప్పుడు వాటి పేగులోని బ్యాక్టీరియా మిగతా పని చూసుకుంటాయి. వానాకాలంలో ఆ శిలీంధ్రమే పుట్టలోంచి పైకి గొడుగు వేస్తుంది. ఈ పుట్టగొడుగుల కూర రుచి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళు మాత్రం గుర్తుపట్టగలిగిన పెద్దవాళ్ళకి చూపించకుండా ఏ పుట్టగొడుగూ వండుకోకండి.

పెంటకుప్పలో దొరికే లావుపాటి తెల్ల పురుగు పేడ తినే అంత ఎలా బలుస్తుంది?

అది కొబ్బరి మొవ్వుని తొలిచే కొమ్ము పురుగు పిల్ల అయ్యుండొచ్చు. చేతిలోకి తీసుకుని చూడండి, కొంకిలా వంకర తిరిగి ఉంటుంది, ముందు భాగం తెల్లగా, వెనక భాగం చర్మం లోంచే నల్లగా కనబడుతుంది. ఆ నల్లటిది పేగు చివర ఉన్న పెద్ద సంచి. పేడలో, కుళ్ళిన కొబ్బరి మానులో మిగిలిన పీచు అందులో చాలాసేపు నిలవ ఉంటుంది, బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. పిల్ల పురుగు చెట్టుకి ఏమీ చెయ్యదు, చెడుపు అంతా రెక్కలొచ్చిన పెద్ద పురుగుదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి తోటల్ని కూల్చినప్పుడు పడిన మానుల్ని తోటలోనే వదిలెయ్యొద్దని చెప్పింది ఇందుకే, కుళ్ళే మాను ఈ పిల్లలకి పుట్టిల్లు. పెంటకుప్పని తరచూ తిరగెయ్యండి, మెటారైజియం అనే శిలీంధ్రం పొడి నీళ్ళలో కలిపి కుప్పలో పొయ్యండి, పిల్లలు పచ్చటి బూజు పట్టి చస్తాయి.

బియ్యం డబ్బాలో ముక్కు పురుగుకి కూడా బ్యాక్టీరియా ఉంటాయా?

ఉంటాయి, నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే. తల్లి పురుగు గింజకి ముక్కుతో చిన్న కన్నం చేసి, గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పురుగు పట్టిన బియ్యాన్ని నీళ్ళలో వేసి, పైకి తేలిన గింజని బ్లేడుతో నిలువుగా చీలిస్తే లోపల కాళ్ళు లేని తెల్లటి పిల్ల, గోధుమ రంగు తలతో, ముడుచుకుని ఉంటుంది. అది పుట్టింది మొదలు రెక్కలొచ్చేదాకా ఆ ఒక్క గింజలోనే, పిండి మీదే బతకాలి. దాని పేగు మొదట్లో ఒక చిన్న గుత్తిలాంటి భాగం ఉంది, అందులో సొడాలిస్ అనే బ్యాక్టీరియా ఉండి విటమిన్లు, కొన్ని అమైనో ఆమ్లాలు ఇస్తాయి. ప్యూపా నుంచి కొత్తగా బయటపడిన పురుగు లేతగా, ఎర్రగోధుమ రంగులో ఉంటుంది, తర్వాత నల్లబడి పెంకు గట్టిపడుతుంది. పెంకు గట్టిపడడానికి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. సరిగ్గా ఆ రోజుల్లో పేగు దగ్గర బ్యాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి, పెంకు తయారవగానే పురుగు వాటిని కరిగించేసుకుంటుంది, రెండు మూడు వారాలకి పేగు దగ్గర ఒక్కటి కూడా మిగలదు. ఆడదాని అండాశయంలో ఉన్నవాటిని మాత్రం ముట్టుకోదు, అవి రాబోయే పిల్లలకి. ప్రయోగశాలలో బ్యాక్టీరియా లేకుండా పెంచిన ముక్కు పురుగులు బతుకుతాయి గానీ నెమ్మదిగా పెరుగుతాయి, ఎగరలేవు. ఈ రెండింటి పొత్తు చాలా కొత్తది, ముప్పై వేల ఏళ్ళ లోపుదే అంటున్నారు.

ఆ పురుగు పట్టిన బియ్యం వండుకుంటే బ్యాక్టీరియా మన కడుపులోకి పోయి ఏమన్నా చేస్తాయా?

చెయ్యవు, టెన్షన్ పడకండి. ఆ బ్యాక్టీరియా పురుగు కణాల లోపల బతకడానికి అలవాటు పడినవి, పైగా అన్నం ఉడికేటప్పుడు చచ్చిపోతాయి. చెరిగి, కడిగి వండుకోండి. బూజు వాసన వచ్చే బియ్యం మాత్రం వాడకండి, అది వేరే సమస్య.

పిల్లల తలలో పేలకీ, మంచంలో నల్లులకీ నెత్తురే తిండి కదా, వాటికి లోటేంటి?

బి విటమిన్లు. తలపేనులో రీసియా అనే బ్యాక్టీరియా విటమిన్ బి5 చేసి ఇస్తుంది. నల్లిలో ఆ పని వోల్బాకియా చేస్తుంది, దాన్ని యాంటీబయాటిక్‌తో తీసేసి పెంచితే నల్లి సరిగ్గా పెరగదు, గుడ్లు పెట్టలేదు, నెత్తుటిలో బి విటమిన్లు కలిపి ఇస్తే మళ్ళీ కోలుకుంటుంది. 2010లో జపాన్ వాళ్ళు చూపించారు. ఇది విని పిల్లల పేలకి యాంటీబయాటిక్ బిళ్ళలు వేద్దామా అని ఒకామె అడిగారు. వద్దమ్మా. సన్నపళ్ళ పేలదువ్వెనతో ఓపిగ్గా దువ్వడం, ఇంట్లో అందరికీ ఒకేసారి చూడడం, దానికి మించింది లేదు.

తేనెటీగ పువ్వుల మీద బతుకుతుంది, అంత మంచి తిండికి కూడా బ్యాక్టీరియా కావాలా?

మకరందం తేలిగ్గా అరుగుతుంది, పుప్పొడి అరగదు. పుప్పొడి రేణువు గోడ గట్టిది, అందులో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. గిల్లియామెల్లా అనే బ్యాక్టీరియా ఆ పెక్టిన్‌ని విడగొడుతుంది. స్నాడ్‌గ్రాసెల్లా అనేది పేగు గోడని అంటిపెట్టుకుని ఆక్సిజన్ వాడేసి మిగతావాటికి అనువుగా చేస్తుంది. గదిలోంచి అప్పుడే బయటికొచ్చిన ఈగ పేగులో ఇవేవీ ఉండవు, తోటి ఈగల మధ్య తిరిగి కొద్ది రోజుల్లోనే తెచ్చుకుంటుంది. అమెరికాలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పెట్టిన ఈగల్లో ఈ బ్యాక్టీరియా తగ్గిపోయి, తిరిగి పట్టులో వదిలితే తక్కువ ఈగలే బతికాయి. గ్లైఫోసేట్ కలుపు మందు కూడా పేగు బ్యాక్టీరియాని దెబ్బతీస్తుందని 2018లో తేలింది. పార్వతీపురం వైపు పెట్టెల్లో తేనె తీసేవాళ్ళు, జీడి తోటలో పెట్టెలు పెట్టుకునేవాళ్ళు ఈ రెండూ గుర్తుంచుకోవాలి. జబ్బు ఏమిటో తేలకుండా పాకంలో యాంటీబయాటిక్ కలిపి పెట్టకండి.

యూరియా ఎక్కువ వేసిన మడికే సుడిదోమ ఎందుకు పడుతుంది?

దోమకి లోటుగా ఉన్నదే నత్రజని కాబట్టి. మనం యూరియా దండిగా వేస్తే వరి రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, దోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది. మామూలు మడిలో నత్రజని తక్కువ దొరికినప్పుడు కూడా అది బతికేస్తోందంటే దాని ఒంట్లోని కొవ్వు కణాల్లో ఈస్టు లాంటి శిలీంధ్రాలు ఉన్నాయి, ఇవి బ్యాక్టీరియా కాదు. దోమ ఒంట్లో వ్యర్థంగా మిగిలే యూరిక్ ఆమ్లాన్ని తిరిగి అమైనో ఆమ్లాలుగా మార్చి ఇస్తాయి, స్టెరాల్స్ అనే కొవ్వు లాంటి పదార్థాలు కూడా చేస్తాయి. యూరియాని మూడు దఫాలుగా వేసుకోండి, మడిలో కాలిబాటలు తీయండి, మొదళ్ళు విడదీసి దోమ ఉందో లేదో చూశాకే మందు మాట.

బొద్దింకలు ఏమీ దొరక్కపోయినా నెలల తరబడి ఎలా బతుకుతాయి?

బొద్దింక యూరిక్ ఆమ్లాన్ని పారెయ్యకుండా కొవ్వులో దాచుకుంటుంది. బ్లాటాబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా ఆ నిలవలోని నత్రజనితో అమైనో ఆమ్లాలు చేసి పెడుతుంది.

## తల్లి నుంచి పిల్లకి

పిల్ల పురుగుకి ఈ బ్యాక్టీరియా ఎలా వస్తాయి?

పురుగుకో పద్ధతి. పేనుబంకలో తల్లి కడుపులో ఉండగానే పిండంలోకి వెళ్ళిపోతాయి. ముక్కు పురుగులో గుడ్డు లోపలే వస్తాయి. పత్తినీ బెండనీ పట్టే ఎర్రనల్లి గుడ్డు పైన పూసి వదులుతుంది, వాటి బ్యాక్టీరియా బి విటమిన్లు ఇస్తాయి. పొడిచెక్క చెద అయితే కుబుసం విడిచినప్పుడల్లా పేగు చివరి పొరతో పాటు లోపలి జీవులన్నీ పోతాయి, అప్పుడు తోటి చెద వెనక నుంచి వచ్చే ద్రవాన్ని తాగి మళ్ళీ తెచ్చుకుంటుంది. ఒంటరి చెద బతకలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. కంది, అలసందల కాయల్ని పీల్చే కాయనల్లిది ఇంకో దారి, తల్లి ఏమీ ఇవ్వదు, ప్రతి తరంలోనూ పిల్లలు మట్టిలోంచి బర్కోల్డేరియా అనే బ్యాక్టీరియాని కొత్తగా ఏరుకుంటాయి.

చిక్కుడు మీద గుండ్రటి చిన్న నల్లులు గుడ్లు పెట్టాయి. గుడ్ల కింద ముదురు గోధుమ చుక్కలు ఉన్నాయి, అవేంటి?

భలే చూశారు. అవి తల్లి కట్టిచ్చిన బ్యాక్టీరియా పొట్లాలు. రెండు వరసల్లో గుడ్లు పెట్టి, వాటి అడుగున కొన్ని పొట్లాలు పెడుతుంది. పిల్లలు బయటికి రాగానే ముందు చేసే పని ముక్కు ఆ పొట్లంలో పెట్టి పీల్చడం. జపాన్‌లో ఫుకత్సు, హొసొకావా పొట్లాలు తీసేసి చూశారు, పిల్లలు కుదురుగా ఉండకుండా వెతుక్కుంటూ తిరిగాయి, తర్వాత ఎదగలేదు. ఇంకో ప్రయోగం చేశారు: సోయాచిక్కుడు మీద బాగా పెరిగే జాతివీ పెరగలేని జాతివీ పొట్లాలు మార్చేశారు. పురుగు అదే, బ్యాక్టీరియా మారింది, దాంతో సోయాచిక్కుడు మీద గుడ్లు పొదిగే తీరు కూడా తారుమారైంది. ఏ పంటకి ఏ పురుగు చీడ అవుతుందో కొన్నిసార్లు బ్యాక్టీరియానే తేలుస్తుందని దీనివల్ల తెలిసింది.

చలికాలంలో ఉన్నంత పేనుబంక ఎండలు ముదిరాక ఎందుకు ఉండదు?

కారణాలు చాలా ఉన్నాయి, మొక్క ముదిరిపోవడం, అక్షింతల పురుగులు తినెయ్యడం. బుక్నెరా వేడికి తట్టుకోలేకపోవడం కూడా ఒకటి. బాగా వేడెక్కితే వాటి సంఖ్య తగ్గిపోతుంది, పేనుబంక కాన్పులూ తగ్గుతాయి. బుక్నెరా జన్యువుల్లో ఒక్క అక్షరం తేడాతో వేడిని ఓర్చుకునే శక్తి మారిపోతుందని 2007లో చూపించారు.

## పొలంలో పనికొచ్చే సంగతులు

బ్యాక్టీరియా చస్తే పురుగూ చస్తుంది కదా, తెగుళ్ళకి కొట్టే యాంటీబయాటిక్ పొడి పేనుబంక మీద కొట్టేద్దామా?

కొట్టకండి, గట్టిగా చెబుతున్నాను. ప్రయోగశాలలో యాంటీబయాటిక్ తాగించిన పేనుబంక గిడసబారి పిల్లల్ని కనడం మానేస్తుంది, నిజమే. అక్కడ నేరుగా తిండిలో పెడతారు. పొలంలో ఆకు మీద కొట్టింది పురుగు కణాల లోపలికి చాలినంత చేరదు. చేరేది మట్టిలోకి, తేనెటీగల పేగులోకి. మందుకి లొంగని బ్యాక్టీరియా అక్కడే పుడతాయి, రేపు మన ఇంట్లో బిడ్డకి జ్వరమొస్తే అదే జాతి మందు పనిచెయ్యకపోవచ్చు. పేనుబంకకి ముందుగా పట్టిన చివుళ్ళు తుంచెయ్యండి, నీళ్ళ ధారతో కడగండి, వేపనూనె కొట్టండి, అక్షింతల పురుగుల్ని కాపాడుకోండి.

ఎన్నిసార్లు మందు కొట్టినా కాయనల్లి చావట్లేదు. మందులో కల్తీనా?

కల్తీ కూడా ఉండొచ్చు, బిల్లు తీసుకుని వ్యవసాయ అధికారికి చూపించండి. కానీ ఇంకో కారణం ఉంది. 2012లో జపాన్‌లో తేలిందేమిటంటే, ఫెనిట్రోథియాన్ అనే మందు పదే పదే పడిన మట్టిలో ఆ మందునే తిని బతికే బర్కోల్డేరియా రకాలు పెరుగుతాయి, కాయనల్లి పిల్లలు వాటిని పేగులోకి తెచ్చుకుంటాయి, అప్పుడు మందు తగిలినా పురుగు తట్టుకుంటుంది. పురుగు తరాల తరబడి మారాల్సిన పని లేకుండా ఒక్క తరంలోనే నిరోధం వచ్చేస్తుంది. ఇది ఆ మందుతో చూసిన సంగతి, అన్ని మందులకీ అంటించకండి. కానీ ఒకే మందుని ఏటా అదే చేలో కొడుతూ పోవడం ఎందుకు మంచిది కాదో ఇందులో ఉంది.

జీవామృతం పొయ్యడం వల్ల ఈ పురుగుల బ్యాక్టీరియా మారతాయా?

పేనుబంక, తెల్లదోమ లాంటివాటిలో అవి కణాల లోపల, తల్లి నుంచి పిల్లకి మాత్రమే వెళ్ళేవి. వాటిని జీవామృతం తాకదు. అది నేలకోసం వేసేది, నేలకోసమే వెయ్యండి, పురుగు మందుగా లెక్కపెట్టకండి.

ఈ జ్ఞానంతో ఎక్కడైనా చీడల్ని తగ్గించే పని జరుగుతోందా?

పండు ఈగల మీద జరుగుతోంది. మగ ఈగల్ని వికిరణంతో గొడ్డు చేసి లక్షల్లో వదులుతారు, అవి ఆడవాటితో కలిస్తే గుడ్లు పొదగవు. వికిరణం వల్ల మగ ఈగల పేగు బ్యాక్టీరియా కూడా దెబ్బతిని అవి నీరసపడతాయి. మధ్యధరా పండు ఈగలకి ఒక మంచి రకం బ్యాక్టీరియాని తిండిలో కలిపి పెడితే జత కట్టడంలో మెరుగయ్యాయి. మన మామిడిని పట్టేది వేరే జాతి, దానికి ప్రస్తుతానికి మగ ఈగల్ని రప్పించే మిథైల్ యూజినాల్ ఎరలు కట్టడం, రాలిన కాయలు ఏరి పాతెయ్యడమే దారి.

## పిల్లల ప్రాజెక్టులకి

మా బడి మైక్రోస్కోపులో పుట్ట చెద పేగు పెట్టి చూశాం, ఈదే జీవులు ఒక్కటీ కనబడలేదు. ఎందుకు?

పుట్ట చెదలు శిలీంధ్రం పెంచుకునేవి, వాటి పేగులో ఆ జీవులు ఉండవు. పొడిచెక్క చెదలు కావాలి. పాత కిటికీ చెక్క కింద గసగసాలంత గట్టి గుళికలు కుప్పగా రాలి ఉంటే, మట్టి గూళ్ళు లేకపోతే, లోపల అవే ఉన్నాయి. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 0.7 గ్రాముల ఉప్పు కలిపి ఒక చుక్క గాజుపలక మీద వెయ్యండి. చెద తల ఒక పట్టకారుతో, వెనక కొస ఇంకో పట్టకారుతో పట్టి మెల్లగా లాగితే పేగు బయటికొస్తుంది. ఉబ్బిన భాగాన్ని ఆ చుక్కలో చిదిమి, పైన సన్నని గాజు బిళ్ళ పెట్టి, 100 రెట్లలో వెంటనే చూడండి. గాలి తగిలితే త్వరగా చచ్చిపోతాయి కాబట్టి ఆలస్యం వద్దు. బ్యాక్టీరియా ఈ మైక్రోస్కోపులో స్పష్టంగా కనబడవు, పెద్ద ఏకకణ జీవులు మాత్రం గుంపులుగా ఈదుతూ కనబడతాయి.

మైక్రోస్కోపు లేని బడిలో ఏం చెయ్యొచ్చు?

పేనుబంక పట్టిన చిక్కుడు కొమ్మ కింద ఒక నల్ల కాగితం గంటసేపు పరవండి. మెరిసే జిగట చుక్కలు పడతాయి, చీమలు కూడా వచ్చేస్తాయి. అలాగే జిగట పట్టిన ఆకుల్ని కొద్ది చుక్కల నీళ్ళతో కడిగి ఆ నీళ్ళని రెండు పరీక్షనాళికల్లో పొయ్యండి. ఒకదానిలో బెనడిక్ట్ ద్రావణం వేసి వేడి చేస్తే నీలం పోయి ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగుల వైపు మారుతుంది, చక్కెర ఉందన్నమాట. రెండోదానిలో ప్రోటీన్‌కి చేసే బైయూరెట్ పరీక్ష చేస్తే ఊదా రంగు రాదు. పోలికకి ఇంకో నాళికలో గుడ్డు తెల్లసొన పెట్టి అదే పరీక్ష చేయించండి, ఆ తర్వాత పేనుబంక పిల్లల ఒళ్ళు దేనితో తయారైందో పిల్లల్నే చెప్పమనండి.